నాన్న రిపోర్టులోని ఆ అంకె

మాంట్రియల్
జనవరి 18

అమ్మకు,

నిన్న ఫోనులో నాన్న రక్తపరీక్ష కాగితం చదువుతుంటే నీ గొంతు వణికింది. సీఈఏ అనే ప్రొటీన్ 6.1, హద్దు 5. అది క్యాన్సర్ పరీక్ష అని పక్కింటివాళ్లు చెప్పారన్నావు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. మూడేళ్లుగా నేను ఇక్కడ శుద్ధి చేస్తున్నది ఆ ప్రొటీన్‌నే. 1965లో దాన్ని కనిపెట్టిన ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ కూడా ఈ ఊళ్లోనే పనిచేశారు.

పెద్దపేగు కణితిని మెత్తగా నూరి పెర్‌క్లోరిక్ ఆమ్లం కలుపుతాం. తక్కిన ప్రొటీన్లు చాలావరకు విరిగిన పాలలా ముద్దకట్టి అడుక్కు దిగుతాయి. సీఈఏ మాత్రం ఒంటినిండా చక్కెర గొలుసులు తగిలించుకుని ఉంటుంది, బరువులో సగం అవే. అందుకని పైతేటలో కరిగే ఉంటుంది. అయినా చెత్త పూర్తిగా పోదు. నూలు వడికే ముందు నువ్వు వాలుగ చేప దవడతో పత్తిని ఎన్నిసార్లు దువ్వుతావు? నాదీ అదే వరస. సన్నని పూసలు నింపిన గొట్టంలోంచి ఆ తేటను చుక్కచుక్కగా దింపుతాం. చిన్నవి పూసల రంధ్రాల్లో దూరి ఆలస్యంగా వస్తాయి, పెద్దవి ముందే దిగుతాయి. సంక్రాంతి రాత్రి గొట్టం కింది కుళాయి కట్టడం మరిచాను. తెల్లారేసరికి పూసలు ఎండి బీటలు వారాయి. రెండు వారాల పని పోయింది. నీకు మాత్రం ఆ రోజు అరిసెల సంగతే చెప్పాను.

శుద్ధి అయిందో లేదో జెల్ అనే మెత్తని పలకలో విద్యుత్తుతో నడిపి చూస్తాం. చాలా ప్రొటీన్లు సన్నని గీతలా నిలుస్తాయి. ఇది 1,80,000 డాల్టన్ల (అణువుల బరువుకు కొలత) దగ్గర అలుక్కుపోయినట్టు పడుతుంది. పొందూరులో అలాంటి నూలు వడికితే నువ్వు విప్పి పారేస్తావు. ఇక్కడ తప్పు నా చేతిది కాదు, ఒక్కో అణువు మోసే చక్కెర ఒక్కో తీరు. ఎంజైముతో ఆ చక్కెరను కత్తిరిస్తే గీత 80,000 దగ్గరకు జారి సన్నబడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటే.

ఇక నాన్న అంకె. ఈ ప్రొటీన్ ఆరోగ్యవంతుల రక్తంలోనూ కొద్దిగా ఉంటుంది, పొగ తాగేవాళ్లలో మరికాస్త ఎక్కువ. నలభై ఏళ్ల చుట్ట ఊరికే పోతుందా? కాలేయ జబ్బుల్లోనూ, పేగు వాపులోనూ పెరుగుతుంది. ఈ పరీక్ష ముఖ్యంగా పనికొచ్చేది పేగు క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లకు, రోగం తిరగబెడుతోందేమో కనిపెట్టడానికి. ఏ బాధా చెప్పుకోని మనిషికి ప్యాకేజీలో కలిపి చేసి ఇంటిల్లిపాదినీ హడలగొట్టడం నాకు నచ్చలేదు.

అలాగని కాగితం బీరువాలో దాచకు. శ్రీకాకుళం వెళ్లి డాక్టరుకు చూపించి, మళ్లీ ఎప్పుడు చేయించాలో అడగండి. మలంలో రక్తం పడుతోందా, బరువు తగ్గారా అని ఆయన అడిగితే నాన్న సిగ్గుపడి లేదనేస్తారు. నువ్వే చెప్పు. చుట్టల కట్ట అటక మీద, పాత బియ్యం డబ్బా వెనక ఉంటుంది. నేను చెప్పానని అనకు.

నీ
చిన్ని