ఆ బిడ్ లేట్ అవ్వలా, నేనే ఆపా

మన దగ్గర అమెరికా గవర్నమెంట్ కాంట్రాక్టులకి ప్రపోజల్స్ రాయించుకునే అందరికీ నమస్కారం. పోయిన నెల ఒక ఆర్మీ బేస్ క్లీనింగ్ కాంట్రాక్ట్‌కి మన కస్టమర్ బిడ్ వెళ్ళలేదు, "వీళ్ళు డెడ్‌లైన్ మిస్ కొట్టారంట" అని మీలో ఒకరిద్దరు అనుకుంటున్నట్టు నా చెవిన పడింది. అది నిజం కాదండీ.

జరిగిందేంటంటే, ప్రైసింగ్ పని చాన్నాళ్ళుగా బయట ఒకాయనకి ఇస్తున్నా. 1965 నాటి సర్వీస్ కాంట్రాక్ట్ యాక్ట్ ప్రకారం లేబర్ డిపార్ట్‌మెంట్ వేజ్ డిటర్మినేషన్‌లో (కనీస జీతాల పట్టికలో) ఉన్న జీతానికి తగ్గకూడదు కదా, టెండర్‌కి చేసిన అమెండ్‌మెంట్‌లో ఆ పట్టిక కొత్త రివిజన్ పెట్టారు, ఈయనేమో పాతదే పట్టుకుని లెక్కేశాడు, జీతంతో పాటు ఇవ్వాల్సిన హెల్త్ అండ్ వెల్ఫేర్ రేటు కూడా పాతదే. నేను చూసేసరికి గడువుకి ముందురోజు రాత్రి పదకొండు. అడిగితే "ఏం పర్లేదు, ఆప్షన్ ఇయర్స్‌లో అడ్జస్ట్‌మెంట్ వస్తుందిగా" అన్నాడు! ఒళ్ళు మండింది. ఆప్షన్ ఇయర్స్ అంటే మొదటి ఏడాది (బేస్ ఇయర్) తర్వాత గవర్నమెంట్ కావాలంటే పొడిగించుకునే ఏళ్ళు. ఆ అడ్జస్ట్‌మెంట్ తర్వాత వేజ్ పెరిగితేనే ఇస్తారు, మొదట్లో మనం తక్కువ వేసుకున్నదానికి పైసా రాదు, ఫిక్స్‌డ్ ప్రైస్ కాబట్టి బేస్ ఇయర్, నాలుగు ఆప్షన్లు, అయిదేళ్ళూ జేబులోంచి కట్టుకోవాల్సిందే.

రాత్రికి రాత్రి మార్చొచ్చుగా అంటారేమో, అయిదేళ్ళ షీట్లు, సబ్‌కాంట్రాక్టర్ కోట్లు, ప్రైస్ నెరేటివ్ (ధర ఎలా వచ్చిందో చెప్పే వివరణ) అన్నీ ఒకదానికొకటి ముడి, సంతకం పెట్టాల్సిన కస్టమర్ ఫ్లైట్‌లో ఉన్నాడు. అలాగే వేసేస్తే గెలిచేవాళ్ళమేమో కూడా, అదే నా భయం. గెలిచాక సీఓఆర్ (గవర్నమెంట్ తరఫున పని చూసే ఆఫీసర్) సర్వైలెన్స్ ప్లాన్ పట్టుకుని చెక్ చేస్తాడు, డబ్బుల్లేక మనుషుల్ని తగ్గిస్తే సీపార్స్‌లో (కాంట్రాక్టర్ల పనితీరు రాసే గవర్నమెంట్ రికార్డులో) రేటింగ్ పోతుంది, తర్వాత వేసే బిడ్లలో దాన్నే చూస్తారు. తెల్లారేదాకా నిద్రపోలా. కస్టమర్‌ని అడక్కుండా ఆపడం తప్పే, ఒప్పుకుంటా, పొద్దున ఫోన్‌లో తిట్టాడు, పడ్డాను. ఫీజు మొత్తం వెనక్కిచ్చా. కానీ మళ్ళీ అదే రాత్రి వస్తే మళ్ళీ ఆపుతా.

ఇక ప్రైసింగ్ నేనే చేస్తా, అందుకని తక్కువ బిడ్లే తీసుకుంటా. సొలిసిటేషన్ (టెండర్ నోటీసు) పంపేటప్పుడు అమెండ్‌మెంట్లన్నీ కలిపి పంపండి, గడువుకి నాలుగు రోజుల ముందే నంబర్లు మీ ముందు పెడతా, ఆ రోజు మాత్రం ఫోన్ ఎత్తండి. ఆ పాతాయన్ని మళ్ళీ పెట్టుకోమని ఇద్దరు రికమెండ్ చేశారు, దయచేసి ఆ మాట మాత్రం ఎత్తకండి.