మార్టిన్ కెంప్ వ్యాసానికి చెయ్యి కలిపిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

మార్టిన్ కెంప్ జీవితం మీద తెలుగు వ్యాసం పూర్తయింది. ముసాయిదా పెట్టి తప్పులుంటే చెప్పమని అడిగితే ఇంతమంది ఇంత ఓపిగ్గా చదివి, ఆధారాలు చూపించి మరీ సరిచేశారు. మీలో చాలామంది పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మీరు చేసిన పని మాత్రం వివరంగా రాస్తున్నాం. రేపు ఇంకెవరైనా మరో బ్రిటిష్ నటుడి గురించి తెలుగులో రాయబోతే ఈ దిద్దుబాట్లు వాళ్లకు పనికొస్తాయి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1983లో 'ట్రూ' పాటతో బ్రిటన్‌లో నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచిన స్పాండౌ బ్యాలే బృందంలో గిటార్ వాయించిన అన్నదమ్ముల్లో చిన్నవాడు మార్టిన్ కెంప్. పదిహేనేళ్ల తరవాత బీబీసీ సీరియల్ ఈస్ట్‌ఎండర్స్‌లో స్టీవ్ ఓవెన్‌గా ఇంటింటికీ తెలిసిన మొహమయ్యాడు.

ముందుగా పేర్లు సరిచేసిన లండన్ మిత్రులకు నమస్కారం. ముసాయిదాలో బృందం పేరు 'బ్యాలెట్' అని ఉంది. చివరి అక్షరం పలకరు. పలికినట్టు రాస్తే తెలుగు పాఠకుడికి నాట్యం బదులు ఎన్నికల పెట్టె గుర్తొస్తుంది. మార్టిన్ పుట్టిన లండన్ ప్రాంతం 'ఇస్లింగ్టన్' కాదు, 'ఇజ్లింగ్టన్'. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి తెలుగులోకి దించితే ఇలాంటివి తప్పవు. అక్కడివాళ్ల నోట రెండుసార్లు విని రాయడం ఒక్కటే దారి.

బేస్ గిటార్ వాయించే తమ్ముడొకరు రెండు పెద్ద తప్పులు పట్టుకున్నాడు. మొదటిది, మేం 'బాస్ గిటార్' అని రాశాం. 'బేస్' అనాలి. రెండోది అంతకన్నా ముఖ్యం: మార్టిన్ మొదటి నుంచీ వాద్యకారుడని రాశాం. కాదు. చిన్నప్పుడే అన్న గ్యారీతో కలిసి ఇజ్లింగ్టన్‌లో అన్నా షెర్ నడిపిన నాటక తరగతులకు వెళ్లాడు. నటన ముందు, సంగీతం తరవాత. బృందానికి సామాన్లు మోస్తూ వెంట తిరిగే కుర్రాణ్ణి 1979లో బేస్ వాయించడానికి తీసుకున్నారు. కొద్ది కాలంలో ఎలా నేర్చుకోగలిగాడని అడిగితే ఆ తమ్ముడు గిటార్ చేతిలో పట్టుకుని చూపించాడు. బేస్‌కి నాలుగే తీగలు, లావుగా ఉంటాయి. మామూలు గిటార్‌లో మందంగా ఉండే నాలుగు తీగల స్వరాలే ఇవి, ఒక స్థాయి కింద. చాలా పాటల్లో తీగలన్నీ మోగించక్కర్లేదు, ప్రతి కార్డ్‌కీ (ఒకేసారి మోగే స్వరాల గుంపుకీ) దాని మూలస్వరం డ్రమ్‌తో కలిసి పడితే పాట నిలబడుతుంది. వేళ్లు బొబ్బలెక్కుతాయి, తాళం ఒక్క వెంట్రుక జారినా పాట మొత్తం కుంటుతుంది. అందుకే వేగంగా నేర్చుకోవచ్చు గానీ తేలిక అనుకోకూడదు. ఈ వివరణను వ్యాసంలో ఉన్నదున్నట్టుగా వాడుకున్నాం.

అన్నదమ్ములను కలిపేయడం ఈ కథలో అందరూ చేసే పొరపాటు. పాటలు రాసింది గ్యారీ. లండన్ నేరగాళ్లైన క్రే కవల సోదరుల మీద 1990లో వచ్చిన 'ద క్రేస్' సినిమాలో గ్యారీ రానీ పాత్ర వేశాడు, మార్టిన్ రెజ్జీ పాత్ర. 1999 కోర్టు కేసు దగ్గర కూడా మేం తప్పాం, 'కెంప్ సోదరుల మీద' అని రాశాం. కేసు వేసినవాళ్లు బృందంలోని మిగతా ముగ్గురు: టోనీ హ్యాడ్లీ, స్టీవ్ నార్మన్, జాన్ కీబుల్. వేసింది గ్యారీ ఒక్కడి మీద. న్యాయశాస్త్రం చదివిన అక్క ఒకరు దీన్ని విడమర్చారు: రికార్డు అమ్మకం మీద వచ్చే వాటా వేరు, పాట రాసినవాడికి వచ్చే రాయల్టీ వేరు. ఆ రెండో దాంట్లో తమకూ భాగం ఇస్తానని నోటిమాటగా ఒప్పుకున్నాడని ముగ్గురూ వాదించారు, కోర్టు ఒప్పుకోలేదు. ఇంత చిన్న తేడా తెలియకపోతే ఒక మనిషి మీద లేనిపోని మచ్చ వేసినవాళ్లమయ్యేవాళ్లం. అక్కకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

అన్నిటికన్నా ఎక్కువ రుణపడింది మెదడు వ్యాధుల డాక్టర్‌గారికి. 1995లో మార్టిన్‌కు మెదడులో రెండు కణితులున్నట్టు తేలింది. ముసాయిదాలో 'బ్రెయిన్ క్యాన్సర్' అని ఉంది. డాక్టర్‌గారు ఆ మాట కొట్టేశారు. అవి క్యాన్సర్ కణితులు కావు. అంతమాత్రాన ప్రమాదం లేదని కూడా రాయకూడదన్నారు. కడుపులో కణితి పెరిగితే పొట్ట సాగుతుంది, పుర్రె సాగదు. ఏ రకం కణితి అయినా పెరిగేకొద్దీ మెదడునే నొక్కుతుంది. ఒకదాన్ని ఆపరేషన్ చేసి తీశారు. రెండోది కత్తికి అందని చోట ఉండటంతో రేడియేషన్‌తో నయం చేశారు. ఆపరేషన్ జరిగిన చోట మచ్చ మిగులుతుంది, అక్కడి నుంచే మూర్ఛ రావచ్చు. మార్టిన్‌కు కూడా ఆ ఇబ్బంది మిగిలింది, మందులతో అదుపులో ఉంది. "అదుపులో ఉంది అని రాసేటప్పుడు మందులతో అనే మాట వదలొద్దు, చదివిన రోగి బాగానే ఉన్నాం కదా అని మాత్రలు మానేస్తాడు" అని డాక్టర్‌గారు చెప్పిన మాట మా అందరికీ పాఠం. సినీ, టీవీ వ్యాసాలు రాసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఈస్ట్‌ఎండర్స్. ఏళ్ల తరబడి ఆ సీరియల్ చూసిన పిన్నిగారొకరు తేదీలన్నీ మళ్లీ సరిచూశారు. స్టీవ్ ఓవెన్ వచ్చింది 1998 చివర్లో, చనిపోయింది 2002 మార్చిలో. మేం 2001 మార్చి అని వేశాం. కారణం, సీరియల్లోని మరో పాత్ర ఫిల్ మిచెల్ మీద ఎవరో కాల్పులు జరిపిన ఎపిసోడ్ 2001 మార్చిలోనే వచ్చింది, అనుమానితుల్లో స్టీవ్ ఒకడు. రెండూ మార్చే కావడంతో కలిసిపోయాయి. ఇంకో గుంట కూడా చూపించారు. బ్రిటన్‌లో మనలాగే రోజు ముందు రాసి నెల తరవాత రాస్తారు, అమెరికావాళ్లు తలకిందులుగా రాస్తారు. 1/3 అని కనిపిస్తే ఎవరు రాశారో చూసుకోకుండా తేదీ ఎత్తుకోవద్దు. మార్టిన్ పుట్టినరోజు 1961 అక్టోబరు 10, అంటే 10/10. అక్కడ మాత్రం తప్పే వీలు లేకపోయింది!

పాత్ర గురించి పిన్నిగారు చెప్పినవి కూడా విలువైనవి. ప్రేమికుల రోజు రాత్రి క్లబ్బు ఆఫీసులో స్టీవ్ చేతిలోంచి అతని మాజీ ప్రియురాలు సాస్కియా తలకు తగిలిన బరువైన యాష్‌ట్రే, ఎపింగ్ అడవిలో పూడ్చిన శవం, చేయని ఆ నేరానికి జైలుకెళ్లిన కుర్రాడు మాథ్యూ. ఇవన్నీ జరిగాక కూడా స్టీవ్ మీద జాలి పుట్టేలా నటించడమే మార్టిన్ బలం అని ఆవిడ అభిప్రాయం. మాదీ అదే. చివరి ఎపిసోడ్‌లో కారు పేలే ముందు ఫిల్ కూతురు చంటిపిల్ల లూయీస్‌ను ఫిల్ చేతుల్లోకి అందిస్తాడు. అంత చెడ్డవాడి నుంచి ఆ పని నమ్మేలా రావడానికి ముందు మూడేళ్ల నటన కావాలి. అప్పట్లో వారానికి మూడు ఎపిసోడ్లు, 2001 ఆగస్టు నుంచి నాలుగు. పెద్ద ఆపరేషన్ నుంచి కోలుకున్న మనిషి మోసిన బరువది.

విడిపోయిన బృందం 2009లో మళ్లీ కలిసిన భాగానికి పెద్దగా దిద్దుబాట్లు రాలేదు. ఫొటో దగ్గర మాత్రం ఆగాం. సీరియల్లోంచి తీసిన బొమ్మ వాడటానికి హక్కు ఉండదు. కచేరీలో ప్రేక్షకులు తీసి, ఎవరైనా వాడుకోవచ్చని విడుదల చేసిన ఫొటోల్లోంచి ఒకటి వెతికిపెట్టిన బాబుకు కృతజ్ఞతలు. బేస్ పట్టుకుని నిలబడ్డ ఫొటో అది. స్టీవ్ ఓవెన్‌గా మాత్రమే ఎరిగినవాళ్లకు ముందు ఆ బొమ్మే కనిపించాలని దాన్ని వ్యాసం పైభాగాన పెట్టాం.