పురుగు మీద బూజుని చులకనగా చూడకండి

ఎడిటర్ గారికి నమస్కారం. మా అన్నయ్యకి కిడ్నీ మార్చి ఆరేళ్లయింది, రెండు పూటలా సైక్లోస్పోరిన్ వేసుకుంటాడు, రేకు చింపగానే గుప్పున ఘాటు వాసన. ఒంట్లో రక్షణ కణాలు కొత్త కిడ్నీ మీద పడకుండా ఆపేది అదే. ఆ మందు నార్వే మట్టిలో దొరికిన ఒక బూజుది, అయితే అది నిజానికి పెంకుపురుగుల లార్వాలని పట్టి తినే బూజని 1996లో అమెరికాలో బయటపడింది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కి, అంటే ఒంట్లో రక్షణ కణాలే మెదడు, వెన్నుపాములోని నరాల పొరని దెబ్బతీసే జబ్బుకి, 2010లో వచ్చిన ఫింగోలిమోడ్ అనే మందు కూడా ఇలాంటి పురుగుల బూజు నుంచి మొదలైందే. మా వేరుశనగ చేలో వేరుపురుగులు కూడా బూజు పట్టి గట్టిగా బిగుసుకుని కనిపిస్తాయి, పారేస్తాం. మన యూనివర్సిటీల వాళ్లు వీటిని సేకరించి పరీక్షించాలి, దయచేసి మీ పేపర్లో గట్టిగా రాయండి.

- ఒక రైతు, అనంతపురం జిల్లా