సైనికుడి వీపు మీది బరువు గురించి బహిరంగ లేఖ

సైనిక సామగ్రి సేకరణ విభాగాధిపతి గారికి నమస్కారాలు.

అవసరాన్ని బట్టి అరలు తగిలించుకునే, తీసేసుకునే మాడ్యులర్ బ్యాక్‌ప్యాక్‌ల కొనుగోలు నిబంధనలను ఖరారు చేసే ముందు, సంచీలో ఎన్ని లీటర్లు పడుతుందన్నదాని కంటే, ఆ బరువు ఒంటి మీద ఎక్కడ పడుతుందన్నది చూడవలసిందిగా తమరిని కోరుతున్నాను.

అమెరికా సైన్యం 1973లో స్వీకరించిన ఆలిస్ అనే వీపు సంచీ స్థానంలో 1990ల చివర మోలీ అనే మాడ్యులర్ సంచీ వచ్చినప్పుడు, అంగుళం వెడల్పు నాడాలను అంగుళం ఎడంతో వరుసలుగా కుట్టి, ప్రతి సైనికుడూ తన పనికి తగిన అరలను తగిలించుకునే వీలు కల్పించారు. అది నిజంగా గొప్ప ఆలోచన. అయితే ఖాళీ నాడా కనిపిస్తే ఇంకేదో తగిలించాలనిపించడం సహజం, బరువు అలాగే పెరుగుతుంది. మోలీ సంచీని నిలబెట్టే తొలినాటి ప్లాస్టిక్ చట్రాలు విరిగిపోయిన సంగతి తమకు తెలిసే ఉంటుంది.

భారాన్ని తుంటి ఎముకల మీదికి దించే నడుము పట్టీ సరిగా అమరకపోతే, భుజం పట్టీలు మెడ నుంచి చేతికి దిగే నరాలను నొక్కుతాయి. చెయ్యి తిమ్మిరెక్కి, ఒక్కోసారి పైకి లేవనే లేవదు. వైద్యులు దీన్ని రక్‌శాక్ పాల్సీ అంటారు. చెయ్యి లేవని సైనికుడు ఆయుధం ఎలా ఎత్తగలడు?

కనుక నమూనాలను తూటా రక్షణ కవచం మీద తొడిగించి, పొట్టివారి చేతా మహిళల చేతా కూడా నడిపించి, తడిసిన నాడాల నుంచి అరలను చేతి తొడుగులతో విప్పించి చూశాకే ఎంపిక చేయాలని మనవి.

ఇట్లు,
ఒక పౌరుడు