అమ్మలూ, గేటు దగ్గర కూర్చున్నందుకు నాకు కోపం లేదు

అమ్మలూ,

మొన్న రాత్రి నీ మీద అరిచాను. నువ్వు మారు మాట్లాడకుండా ఫోన్ పెట్టేశావు. మీ వార్డెన్ మేడం ఫోన్ చేసి, మీ అమ్మాయి సర్టిఫికెట్ల కోసం కాలేజీ గేటు దగ్గర ధర్నాలో కూర్చుంది, తల్లిదండ్రులు వచ్చి మాట్లాడకపోతే సస్పెండ్ చేస్తాం అనేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నైట్ షిఫ్టుకి బయల్దేరుతున్నాను. ఒక కాలికి సేఫ్టీ షూ వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని నీకు ఫోన్ చేశాను. చదువుకోడానికి పంపామా, రోడ్డెక్కడానికి పంపామా అన్నాను. షిఫ్టంతా ఆ మాటే చెవిలో మోగింది, ఎందుకంటే కూర్మన్నపాలెం జంక్షన్లో ఎండలో కూర్చున్న రోజుల్లో నన్ను కూడా చుట్టాలు అదే అడిగేవాళ్ళు, పని చేసుకోక రోడ్డు మీద కూర్చోవడమేమిట్రా అని.

నీకు గుర్తుందా? 2021 జనవరి 27న మా విశాఖ స్టీల్ ప్లాంట్‌లో వాటాలు వంద శాతం అమ్మేయాలని కేంద్రం నిర్ణయిస్తే, ఫిబ్రవరి 12న రిలే దీక్షలు మొదలుపెట్టాం. నువ్వప్పుడు తొమ్మిదో తరగతి. మా డిపార్ట్‌మెంట్ వంతు వచ్చిన రోజు సైకిలు మీద మజ్జిగ సీసా తెచ్చావు. టెంటులో నల్లబల్ల మీద నిన్నటి అంకె తుడిచి ఇవాళ్టిది రాయమని మా సీనియర్ ఒకాయన నీకు సుద్దముక్క ఇచ్చాడు. 47 అని రాశావు, ఏడుకి మధ్యలో అడ్డగీత పెట్టి. ఆ లెక్క 2023 నవంబరులో వెయ్యి దాటింది. మా వంతు రోజున అంబులెన్సు కూత వినిపిస్తే చాలు, మైకులో ఎవరు మాట్లాడుతున్నా ఆపేసి నలుగురం లేచి దారి చేసేవాళ్ళం. ఏం సాధించారు అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 2025 జనవరిలో కేంద్రం ప్లాంట్‌కి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. కాంట్రాక్టు వాళ్ళ కష్టాలు తీరలేదు, అందరి కడుపూ నిండలేదు, అయినా ఫర్నేసు వెలుగుతోంది, నేను ఇంకా షిఫ్టుకి వెళ్తున్నాను.

నా భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తాను. మీ తాతయ్య నవంబరు ఒకటో తారీఖు పొద్దున టిఫిన్ తినేవాడు కాదు. రాష్ట్ర అవతరణ దినం కదా, బడిలో జెండా ఎగరేసి మాకు బిళ్ళలు పంచేవాళ్ళు, నేను నాన్నకని ఒకటి దాచి తెస్తే తీసుకుని జేబులో వేసుకునేవాడు, నోట్లో పెట్టేవాడు కాదు. ఎందుకో చాలా ఏళ్ళు నాకు తెలీదు. 1966లో ఆయన విద్యార్థి. అక్టోబరులో అమృతరావు గారు ఉక్కు ఫ్యాక్టరీ కోసం విశాఖలో నిరాహార దీక్షకి కూర్చున్నారు, కాలేజీలన్నీ కదిలాయి. రాష్ట్రం పుట్టి సరిగ్గా పదేళ్ళు నిండిన రోజున, నవంబరు 1న, ఈ ఊళ్ళోనే కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రం మొత్తం మీద 32 మంది చనిపోయారు. అంతకు ముందు రోజు రాత్రి మా నాయనమ్మ ఆయన గదికి బయట గొళ్ళెం పెట్టింది. ఆయన పెరటి గోడ దూకి వెళ్ళాడు, చీకటి పడ్డాక ఇంటికొచ్చాడు. ఆ రోజు ఏం చూశాడో పోయేదాకా మాకు చెప్పలేదు. 1970 ఏప్రిల్లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ఫ్యాక్టరీ ప్రకటించారు, మరుసటి ఏడాది శంకుస్థాపన. ఈ ఇల్లు, నీ ఫీజు, అన్నీ ఆ ఫ్యాక్టరీ పెట్టిన అన్నమే. మొన్న నేను ఫోన్లో చేసింది కూడా గొళ్ళెం పెట్టడమే.

ఇక నీ సంగతి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని సీనియర్ల సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపడం అన్యాయం, అందులో రెండో మాట లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని, యూనివర్సిటీలకి రూల్సు పెట్టే యూజీసీ 2018లోనే చెప్పింది. ప్రభుత్వం ఇవ్వాల్సిన డబ్బుకి పిల్లల కాగితాలు తాకట్టా? పాపం ఆ పిల్లలు ఉద్యోగంలో ఎలా చేరతారు? మీరు అడిగింది న్యాయమే.

మా శిబిరానికి ఒక లాయరు గారు వచ్చేవారు, ఆయన చెప్పినవి ఇప్పటికీ నా నోటికి ఉన్నాయి. రాజ్యాంగం 19వ అధికరణం ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమికూడే హక్కు ఇచ్చింది, దానికి సమంజసమైన ఆంక్షలు పెట్టే వీలు కూడా ఇచ్చింది. అంటే ఎప్పుడు, ఎక్కడ అని పోలీసులు చెప్పొచ్చు, అసలు ఎక్కడా వద్దు అనడం వేరే సంగతి. మన రాష్ట్రంలోనే 2023 జనవరిలో రోడ్ల మీద సభలు, ర్యాలీలు పెట్టకుండా జీవో 1 తెచ్చారు, మే నెలలో హైకోర్టు కొట్టేసింది. అలాగని రోడ్డుని ఎన్నాళ్ళయినా ఆపేయొచ్చని కాదు, అది కుదరదని సుప్రీంకోర్టు 2020లో ఢిల్లీ షహీన్‌బాగ్ ధర్నా కేసులో చెప్పింది. ఇదివరకటి 144 సెక్షన్ ఇప్పుడు కొత్త చట్టంలో 163. అది పెట్టారో లేదో బయటికి వెళ్ళే ముందు కనుక్కోండి. ఎవరినైనా అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. పొద్దుగూకాక ఆడపిల్లని అరెస్టు చేయాలంటే ప్రత్యేక కారణం, మహిళా అధికారి, మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. కాలేజీ గేటు లోపల సంగతి వేరు, అక్కడ వాళ్ళ రూల్సు వాళ్ళకుంటాయి. అందుకే అర్జీ రాసి ఇవ్వండి, ముట్టినట్టు కాపీ మీద సంతకం, తారీఖు వేయించుకోండి. కేసు పడితే పాస్‌పోర్టుకీ, గవర్నమెంటు ఉద్యోగానికీ ఇబ్బందే అని మీ అమ్మ ఏడుస్తోంది, ఆ భయం అబద్ధం కాదు, నేనూ కొట్టిపారేయను.

కానీ నువ్వు ఆ రోజు ఫోన్లో ఇంకో మాట అన్నావు, నేను అరుపుల్లో పట్టించుకోలేదు. మీలో ఎవరో సెక్యూరిటీ ఆయన కుర్చీ తన్నారని. ఆయన కింద పడ్డాడా? దెబ్బ తగిలిందా? ఇది మాత్రం నేను ఒప్పుకోను అమ్మలూ. ఆయన ఎవరి సర్టిఫికెటూ ఆపలేదు, గేటు తియ్యమంటే తీస్తాడు, వెయ్యమంటే వేస్తాడు, నెలకి ఏ పది పన్నెండు వేలో వస్తాయి. మా శిబిరానికి కాపలా ఉన్న కానిస్టేబుళ్ళకి మేము మాతో పాటే టీ ఇచ్చేవాళ్ళం, వాళ్ళలో స్టీల్ ప్లాంట్ వాళ్ళ పిల్లలూ ఉండేవాళ్ళు. తన్నింది నువ్వు కాకపోయినా సరే, నలుగురూ వెళ్ళి ఆయనకి సారీ చెప్పండి. మేనేజ్‌మెంట్ అడగకముందే చెప్పండి. మళ్ళీ కూర్చునేటప్పుడు ఆయన కుర్చీకి దూరంగా, దారి వదిలి కూర్చోండి.

శుక్రవారం మధ్యాహ్నం రత్నాచల్ ఎక్కుతున్నాను, సెలవు పెట్టేశాను. శనివారం పొద్దున నీతో ఆఫీసుకి వస్తాను. తండ్రిని రమ్మన్నారు కదా, వచ్చి వాళ్ళు చెప్పేది వింటాను, ఆ తర్వాత సర్టిఫికెట్ల సంగతి నేనే అడుగుతాను. అర్జీ కాపీ ఒకటి నా కోసం జిరాక్స్ తీసి ఉంచు. మీ అమ్మ మాడుగుల హల్వా రెండు కిలోలు కొనమంది, ఎంతమంది కూర్చున్నారో చెప్తే సరిపోతుందో లేదో చూస్తాను. సెక్యూరిటీ ఆయనని కూడా లెక్కలో వెయ్యి.

నాన్న