కత్తెర పట్టే ముందు గుడ్డ తడపండి

సంపాదకులకు,

మా అనంతపురంలో ఇంట్లోనే మిషన్ కుట్టు నేర్చుకునేవాళ్లు బాగా పెరిగారు, సంతోషం, కానీ అందరికీ తొందరే. కొత్త కాటన్ గుడ్డను నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించాలి, లేకపోతే జాకెట్ మొదటి ఉతుకుకే బిగుసుకుపోతుంది. రాయదుర్గంలో జీన్స్ కుట్టే 16 నంబర్ లావు సూదితో ధర్మవరం పట్టు కుడితే పోగులు లేచి, పడిన చిల్లులు ఇక పూడవు. పట్టుకు సన్నని 11 నంబర్ సూది చాలు. చంకల దగ్గర ముందు చేత్తో కచ్చా కుట్టు (తర్వాత విప్పేసే వదులు కుట్టు) వేసి, ఒకసారి తొడిగి చూసుకుని, అప్పుడు మిషన్ తొక్కండి. దారం మాటిమాటికీ తెగుతుంటే మెకానిక్‌ను పిలిచే ముందు బాబిన్ కేసులో (కింది దారం కండె ఉండే డబ్బీలో) చేరిన దుమ్ము బ్రష్‌తో దులపండి. కుట్టు శిక్షణ కేంద్రాలవాళ్లు కూడా మోడల్ జాకెట్ల కంటే ముందు ఈ పనులు నేర్పాలి.

– ఒక పాఠకురాలు, అనంతపురం