పోస్టర్ మీద లక్ష, చేతికి ఎంత?

సంపాదకులకు,

విశాఖలో పూల్ (బిలియర్డ్స్ తరహా టేబుల్ ఆట) టోర్నీ పోస్టర్ మీద ‘ప్రైజ్ మనీ లక్ష’ అని వేస్తే సరిపోదు. అది గ్యారంటీ సొమ్మా, ఎంట్రీలు నిండితేనా అన్నదే అసలు ప్రశ్న. 64 మంది 1,500 చొప్పున కడితే 96,000. 40 మందే వస్తే 60,000. టేబుళ్ల అద్దె, రిఫరీ ఖర్చు అందులోంచే తీస్తే విజేత వాటాకు కోత తప్పదు. స్పాన్సర్ విడిగా డబ్బు కలిపితేనే ఆ అంకె నిలుస్తుంది.

పెద్ద స్థాయిలోనూ ఈ తంటా ఉంది. 2006లో అమెరికాలోని రీనోలో ఫిలిప్పీన్స్ పూల్ ఆటగాడు ఎఫ్రెన్ రేయెస్ 5 లక్షల డాలర్ల బహుమతి గెలిచినా, ఆటగాళ్లకు సొమ్ము ఆలస్యంగా, వాయిదాల్లో అందింది. 2024 జెడ్డా నైన్‌బాల్ (తొమ్మిది బంతుల పూల్) ప్రపంచ పోటీలో మొత్తం 10 లక్షల డాలర్లు. విజేత ఫెడోర్ గోర్స్ట్‌కు అందులో పావు వంతు. మిగతాది కింది స్థానాలకు. సగం మొదటివాడికే కట్టబెడితే, క్వార్టర్స్‌లో ఓడి శ్రీకాకుళం బస్సెక్కే కుర్రాడికి చార్జీలైనా మిగలవు. మళ్లీ వస్తాడా?

గ్యారంటీ ఎంత, ఎంట్రీలు తగ్గితే కోత ఎలా, ఎన్నో స్థానం వరకు, ఎన్ని రోజుల్లో ఇస్తారు: ఇవన్నీ పోస్టర్ మీదే ఉండాలి. స్పాన్సర్ సొమ్ము డ్రా తీయకముందే బ్యాంకులో పడాలి, మాట మీద కాదు.

– ఒక పూల్ క్రీడాభిమాని, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం